చిన్నాయన నెత్తిన మొట్టికాయ

మా కాలంలో తెలివైన పిల్లవాణ్ణి కనిపెట్టడానికి కంప్యూటర్లు లేవు, మొట్టికాయలుండేవి. ఇప్పుడు మా షామీర్‌పేటలో ఏ బడి గేటు చూసినా ‘ప్రతిభావంతుల ఎంపిక పరీక్ష’ అని బ్యానర్ వేలాడుతోంది. తల్లులు పిల్లల జేబుల్లో బాదంపప్పులు పోసి మరీ లోపలికి పంపుతున్నారు. పంపుకోండి, నాకేం! కానీ ఒక్క పూటలో బుర్ర కొలిచేస్తామని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. నన్ను కొలిచిన తీరు నేనింకా మరిచిపోలేదు (మరిచే ఉద్దేశమూ లేదు).

మా బడి పద్ధతి ఇదీ. సారు ప్రశ్న వేస్తాడు. జవాబు రానివాళ్లంతా నిలబడాలి. వచ్చినవాడు వరసగా వాళ్ల నెత్తిన మొట్టికాయలు వేసుకుంటూ పోవాలి. ఎవడు ఎక్కువ మందిని మొడితే వాడే మేధావి. ఆ లెక్కన మా తరగతి మేధావి ఇస్త్రీబాబు (ఇస్త్రీ బట్టలతో బడికొచ్చేవాడు వాడొక్కడే). వాడు మొడితే టెంకాయ పగిలిన చప్పుడొచ్చేది. జవాబులు నాకూ వచ్చు, కానీ నోరు విప్పేవాణ్ణి కాదు. ఎందుకంటే తరగతులు తప్పీ తప్పీ చివరికి నా తరగతిలోనే తేలిన మా చిన్నాయన, అంటే మా నాయన సొంత తమ్ముడు, ఏ ప్రశ్నకైనా అందరికంటే ముందు నిలబడేవాడు. నేను జవాబు చెబితే ఆయన్నీ మొట్టాలి. చిన్నాయన నెత్తి మీద చెయ్యి వేసినవాడికి మా ఇంట్లో అన్నం పుడుతుందా? అందుకని సారు దృష్టిలో నేను మొద్దు.

ఇంతలో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని, తరగతికొక తెలివైనవాణ్ణి ఏరి మేడ్చల్ పెద్దబడికి పంపుతాడని తెలిసింది. అక్కడ ఒక గది నిండా పుస్తకాలుంటాయట, అడిగితే ఇస్తారట. నాకు తిండి సహించలేదు. బర్రెలు కాస్తుండగా చిన్నాయన కనిపెట్టేశాడు.

“నా ముందట అన్నీ చెప్తవ్, సార్ ముందట నోరు కుట్టేసుకుంటవేందిరా?”

“చెప్తే నిన్ను కొట్టాలె గద సిన్నాయినా.”

“కొట్టు! నా నెత్తి బండరాయి లెక్కుంటది. నువ్వు మేడ్చల్ బోకుంటే మాత్రం నీ ఈపు పగుల్తది, చెప్తున్న!”

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మొదటి ప్రశ్నలన్నీ ఇస్త్రీబాబువే. చకచకా మొట్టి, చేతులు దులుపుకొని కూర్చున్నాడు. అప్పుడు ఇన్‌స్పెక్టర్, “ఎండాకాలంలో మీ చెరువు నీళ్లు ఏమవుతాయి?” అన్నాడు. ఇస్త్రీబాబు, “సర్కారోళ్లు తీస్కపోతరు సార్” అన్నాడు. చిన్నాయన, “మా బర్రెలు తాగుతయి సార్!” అని నిలబడి, వెనక్కి తిరిగి నా వైపు కళ్లురిమాడు. నేను లేచాను. కొన్ని పొలాలకు పోతాయనీ, కొన్ని నేలలో ఇంకుతాయనీ, మిగిలినవి ఎండకు ఆవిరవుతాయనీ ఒక్క గుక్కలో చెప్పేశాను. మా సారు, సుద్దముక్క మాట్లాడగా విన్నట్టు నోరు తెరిచాడు. “శభాష్! ఇక మొదలుపెట్టు” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అందరినీ మొట్టాను. ఇస్త్రీబాబునైతే కాస్త తీరిగ్గానే మొట్టాను. చిన్నాయన దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోయింది. నాకు అందడం లేదేమో అనుకొని ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. “జల్దీ కొట్టురా, మోకాళ్లు గుంజుతున్నయి!” నేను వంగి ముందు ఆయన కాళ్లు మొక్కి, కళ్లకద్దుకొని, ఆ తర్వాత ఈగ వాలినట్టు మొట్టాను. “గట్టిగ కొట్టురా, సార్ జూస్తుండు!” అని ఆయన కేకేశాడు. తరగతి గొల్లుమంది. ఇన్‌స్పెక్టర్ పొట్ట పట్టుకొని నవ్వాడు. నవ్వు అయిపోయాక కళ్లు తుడుచుకొని, “వీడికి జవాబు వచ్చు గానీ చొరవ లేదు” అని ఇస్త్రీబాబును ఎంచుకున్నాడు. చొరవంటే సొంత చిన్నాయన బుర్ర పగలగొట్టడమా, అయ్యా!

ఏడుస్తున్న నన్ను చిన్నాయన భుజాలకెత్తుకొని ఊరంతా తిప్పాడు. “మా పిలగాడు ఫస్టొచ్చిండు! ఇన్‌స్పెక్టర్ సారే శభాష్ అన్నడు!”

“సిన్నాయినా, నన్ను తీస్కోలే గద,” అని ఆయన చెవిలో గొణిగాను.

“నోర్మూసుకో. ఫస్టొచ్చుడు ఏరు, తీస్కునుడు ఏరు.”

ఇంటి ముందు మా అవ్వ (నాయన తల్లి) ఎదురొచ్చింది. “సిన్నాయిన నెత్తి మీద కొట్టినవా? నీ చెయ్యిరగ!” అని తిట్టింది. సంగతంతా విని, “జవాబు నువ్వొక్కనివే చెప్పినవా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. పెనం మీది మొదటి సర్వపిండి, ఇంట్లో మగవాళ్లెవరికీ పెట్టకుండా, నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత నా చదువు పొట్లాల కాగితాల మీదా, బస్సు బోర్డుల మీదా సాగింది. ఇన్‌స్పెక్టర్ మీద కోపం ఈనాటికీ పోలేదు. అప్పుడప్పుడూ ఆయన్ని గట్టిగా తిట్టుకుందామని తీరిగ్గా కూర్చుంటాను కూడా. కానీ ఏం లాభం? తిట్టు నోటికొచ్చే లోపే సర్వపిండి వాసన ముక్కుకొచ్చేస్తుంది. ఈ ముసలివాడు తిట్టడం మరిచి లొట్టలు వేస్తుంటాడు.