చిట్టికి రెండు సూదులు

మాది మిర్యాలగూడ. మా పిల్లి చిట్టికి షుగర్ ఉందని డాక్టర్ తేల్చిన మొదటి వారమది. ఆ ఉదయం దానికి తిండి పెట్టి, ఇన్సులిన్ సూది వేసి, ఆ మాట మా ఆవిడ సుజాతకు చెప్పి బజారుకు వెళ్లాను. వేములపల్లి కాలువలో మొసలి నన్ను పేరు పెట్టి పిలిచిందని చెప్పుకునే మనిషిని. అందుకే సూది మాట కూడా ఆమె నమ్మలేదు. తనూ ఒక సూది వేసింది.

నేను తిరిగొచ్చేసరికి చిట్టి కాళ్లు తడబడి నేల మీద వాలిపోయింది. పిలిస్తే చెవి కూడా కదపలేదు.

"పొద్దున సూది ఏసిన గదనే, ఏమైంది దీనికి?"

"నిజంగనే ఏసినవా? అయ్యో, నేను గూడ ఏసిన గదయ్యా!"

ఫోన్ చేస్తే డాక్టర్, "షుగర్ బాగా పడిపోయింది, చిగుళ్లకు చక్కెర నీళ్లు రాస్తూ వెంటనే తీసుకురండి" అన్నారు. ఆటోలో వేలితో రాస్తూనే ఉన్నాను.

"నిజం చెప్పేనాడు ఒట్టేసి చెప్పరాదా!" అని సుజాత ఏడుస్తూనే తిట్టింది.

దవాఖాన గేటు దగ్గర చిట్టి కళ్లు తెరిచి నా వేలు కసుక్కున కొరికింది. రక్తం చూసి ఇద్దరం దండం పెట్టుకున్నాం.

మొసలి కథ ఇప్పటికీ చెబుతాను. సూది మాత్రం సుజాత ఎదురుగా కూర్చుంటేనే వేస్తాను.