ఎదురుకోలులో మా మూడో పాట

ముందే చెప్పేస్తున్నాను. ఇది నేను పరాయివాడి పెళ్లిలో దండ వేయించుకుని, షర్బత్ తాగి, ఆ పైన చెయ్యెత్తి అభివాదం కూడా చేసి దొరికిపోయిన కథ. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నేను సిగ్గుపడతానని మాత్రం ఆశపెట్టుకోకండి.

మా బ్యాండు పేరు ‘పాలపొంగు’. పాతబస్తీలో పాలవాళ్ళ పేట గౌలిపురలో పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టాం. పొంగినంత త్వరగానే చల్లారింది కూడా. ఉన్నది ముగ్గురం. కీబోర్డూ రికార్డింగూ నరేష్ చూసుకునేవాడు, వాళ్ళది గౌలిపురలో పాతకాలం నుంచీ పాల వ్యాపారం చేసే ఇల్లు. మర్ఫా, బార్కస్‌లో ఉండే సలీంది. మర్ఫా అంటే పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో మోగే డప్పులు. అవి మోగితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనిషి కూడా భుజాలు ఎగరేయకుండా ఉండలేడు. పాట రాసేదీ పాడేదీ నేను. నాన్నకు ఇక్కడ ఉద్యోగం వస్తే కాకినాడ నుంచి వచ్చి యాకుత్‌పురాలో కాపురం పెట్టిన కుటుంబం మాది.

మేము లోకానికిచ్చిన పాటలు మొత్తం మూడు. మొదటిది విని మా అమ్మ, “బాగుందిరా, పాట ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగింది. అప్పటికి పాట అయిపోయింది. రెండోది అమ్మ కూడా వినలేదు. అందుకే మూడో పాట మీద ప్రాణాలు పెట్టుకున్నాను. పేరు ‘వెళ్ళిపో’. విరహం, కన్నీళ్ళు, ఖాళీ ప్లాట్‌ఫాం, అన్నీ దట్టించాను. నాకు మరీ పెద్ద కోరికేం లేదండీ. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్కడు నా పాట చివరిదాకా వింటే చాలు.

ఇంతలో నరేష్‌కి పుణెలో ఉద్యోగం వచ్చింది. మర్నాడే రైలు. వాడు వెళ్తే బ్యాండు లేదు, బ్యాండు లేకపోతే పాట లేదు. మాకు దొరికింది ఆ ఒక్క సాయంత్రం.

నరేష్ వాళ్ళ మేడ మీది గదిలో మర్ఫా మోగించగానే కిటికీ అద్దాలు గడగడలాడాయి, మైకులోంచి బరబర తప్ప ఏమీ రాలేదు.

“గిట్ల కాదన్నా, మీరిద్దరు కింద గల్లీల నిలవడుండ్రి. నేను మైకు కిటికీలకెల్లి ఇడుస్త” అన్నాడు నరేష్, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

దిగాం. పాటకు ఫోటో కూడా కావాలి కదా అని నేను మా బావగారి మీగడరంగు షేర్వాణీ వేసుకుని ఉన్నాను. సందు చివర ఒక చిన్న ఫంక్షన్ హాలు ఉంది. ఆ హాల్లో ఆ రోజు పెళ్లి ఉందేమో కనుక్కోవాలని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. కళాకారులం కదా!

సలీం మర్ఫా అందుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని “వెళ్ళిపో... నీ నీడనైనా వదిలి వెళ్ళిపో...” అని అందుకున్నాను. కళ్ళు తెరిచేసరికి హాల్లోంచి జనం వరదలా వచ్చేస్తున్నారు. ముందు పట్టుచీరలు, వెనక షర్బత్ గ్లాసుల పళ్ళెం, ఆ వెనక గులాబీ దండ పట్టుకుని ఒక బొద్దు మీసాలాయన.

“వచ్చిండ్రు! వచ్చిండ్రు! జల్ది రాండ్రే!”

నా గుండె పొంగిపోయింది. రెండు పాటలూ ఎవరూ వినలేదని ఎంత కుమిలిపోయానో! గౌలిపుర గుండెల్లో మాకింత చోటుందని ఎవరూ చెప్పలేదే!

పైనుంచి నరేష్ అరిచాడు. “ఏంది లొల్లి? ఆపాల్నా?”

“ఆపకు! అభిమానులు వచ్చారు!” అన్నాను. ఈ మాట రికార్డింగులో స్పష్టంగా వినబడుతుంది.

మీసాలాయన దండ ఎత్తాడు. నేను జనానికి చెయ్యెత్తి అభివాదం చేసి, మెడ వంచాను. మీరైతే వంచరా? అబద్ధం చెప్పకండి. ఎవరో గులాబ్ నీళ్ళు చల్లారు. మీసాలాయన గ్లాసు నా మూతికి ఆనించి, “షర్బత్ తాగు అల్లుడా, అలిసిపోయినవ్!” అన్నాడు. అల్లుడన్నది ప్రేమకొద్దీ అనుకున్నాను. పాట ఆపకుండానే తాగాను. అందుకే రెండో చరణంలో “ఒంటరి రైలు” తర్వాత గుటక వినిపిస్తుంది.

ఒక పెద్దావిడకు మాత్రం ఏదో తేడా కొట్టింది. “పెండ్లిపూట గీ ఏడుపు పాటేందిరా? పిల్లగాడే పాడుకుంట వచ్చుడేంది?”

అప్పుడే జనాన్ని తోసుకుంటూ పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. నన్ను కిందినుంచి పైకి చూశాడు.

“వీడెవడు?”

“గట్లంటవేంది బావా? మన అల్లుడే కదా? నేను పిల్లగాన్ని ఎన్నడన్న చూసిన్నా?” అన్నాడు మీసాలాయన.

“మనోడు నల్లగొండకెల్లి వస్తుండు. గీయనెవరో నాకెరుక లేదు. ఎదురుకోలు దండ ఎవనికి ఏసినవ్ రా?”

ఎదురుకోలట! మగపెళ్లివారు రాగానే ఆడపెళ్లివారు ఎదురెళ్ళి దండలు వేసి షర్బత్ పోసే వేడుకట! సందులో మర్ఫా మోగింది, ఎదురుగా షేర్వాణీలో ఒకడు నిలబడ్డాడు. వాళ్ళ తప్పేముంది? ఆ పద్ధతి తెలియని కాకినాడవాణ్ణి, నా తప్పేముంది? తెలిసినవాడు సలీం. వాణ్ణి నిలదీశాను.

“నీకు తెలుసు కదా, చెప్పొద్దా?”

“నాకేమెరుక భాయ్? షేర్వాణీ ఏసినవ్, మర్ఫా కొట్టమన్నవ్. నీదే షాదీ, మాకు చెప్పకుంట చేస్కుంటున్నవని దిల్ ఖరాబ్ చేస్కున్న. అయినా దోస్తువని కొట్టిన!”

ఈలోగా అసలు పెళ్లికొడుకు వచ్చాడు. వాళ్ళ డీజే బండి యాకుత్‌పురా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిందట. చప్పుడు లేకుండా, చెమటలు కక్కుతూ, పరామర్శకు వచ్చినట్టు నడిచొచ్చారు. పెళ్లికూతురి తండ్రి నా మెడలోంచి దండ లాక్కుని మీసాలాయన చేతిలో పెట్టి, నా భుజం పట్టుకున్నాడు.

“ఉత్తగ ఎదురుకోలు ఎట్ల జరుగుతది? షర్బత్ తాగినవ్ కదా, పాడు!”

“నాకు ఇదొక్కటే వచ్చండి... విరహ గీతం...”

“ఏదైతేంది! కొట్టు భాయ్!”

సలీం కొట్టాడు. నేను పాడాను. “వెళ్ళిపో” అని నేను గుండె పగిలేలా ఏడుస్తుంటే మగపెళ్లివారు, ఆడపెళ్లివారు, ఆ పెద్దావిడతో సహా చేతులెత్తి ఆడారు. పెళ్లికొడుకు మూడుసార్లు “ఒన్స్ మోర్” అన్నాడు. పైన నరేష్, ఆపవద్దన్నాను కదా, చివరిదాకా ఆపలేదు.

మర్నాడు రైలెక్కేముందు వాడు, “ఇది పెట్టకన్నా, ఇజ్జత్ పోతది” అని బతిమాలాడు. మా బంధువుల్లో సంగీతం తెలిసినవాళ్ళు, “ఆ గోలైనా కత్తిరించరా” అన్నారు. నేను ఒక్క ముక్క కత్తిరించలేదు, కత్తిరించను. ఊపిరి బిగబట్టి గదుల్లో తీసిన రెండు పాటల్ని ఎవరు విన్నారు గనక? దీంట్లో సందు సందంతా ఉంది. గుటకతో సహా నెట్‌లో పెట్టేశాను.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు విన్నారండీ! చివరిదాకా విన్నారు! మళ్ళీ మళ్ళీ విన్నారు! కింద వ్యాఖ్యలు చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. “షర్బత్ తాగు అన్నది మా మేనమామ.” “మామ గొంతు మస్తుంది.” “మామతోటి ఇంకో పాట తీయుండ్రి.” అన్నిటికంటే ఎక్కువ మంది మెచ్చుకున్నది ఈ వ్యాఖ్యను: “అంతా మంచిగుంది గని, మామ ఎన్క ఎవడో ఒకటే ఏడుస్తుండు. ఎవడాడు?”

ఆ ఏడుస్తున్నవాణ్ణి నేనే. ప్రధాన గాయకుణ్ణి.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరు దండ పట్టుకుని ఎదురొచ్చినా, “ఇది ఎవరి కోసమండీ?” అని మర్యాదగా అడుగుతాను. అడిగి, వాళ్ళు జవాబు చెప్పేలోపే మెడ వంచేస్తాను.