పచ్చచొక్కాల కోసం కమలాపురానికి

వేంపల్లె బజారులో స్టీలు సామాన్ల అంగడి రామసుబ్బయ్యది. ఆ ఇంట్లో ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పొద్దు మాత్రం ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మది. ఆ వేళకు టీవీలో ఇంగ్లీషు చానల్ పెట్టుకుని చాప మీద కూర్చునేది. కుటుంబానికి నలుగురు చొప్పున జట్లుకట్టి దేశాలు తిరిగే పోటీ అది. చేతికిచ్చిన చీటీలో ఉన్న చోటు వెతుక్కుంటూ రైలో, పడవో, గుర్రబ్బండో, ఏది దొరికితే అది ఎక్కి పోవాలి. అందరికంటే వెనక చేరిన కుటుంబం పోటీ నుంచి తప్పుకోవాలి.

ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. డిగ్రీ చదువుతున్న కూతురు ఉదయశ్రీ మొదటి రెండు వారాలూ పక్కన కూర్చుని చెప్పింది. ఆ తర్వాత తల్లే కూతురికి చెప్పడం మొదలుపెట్టింది.

“చూడు మే, ఆ నీలిచొక్కాలోళ్ళు తప్పు రైలెక్కినారు. ఇంగ అయిపోయినట్లే వాళ్ళ పని!”

ఆమె ప్రాణం పచ్చచొక్కాల కుటుంబం మీద ఉండేది. బక్కపల్చని తండ్రి, ఎదిగిన ఇద్దరు పిల్లలు, బాగా లావుగా ఉండే తల్లి. ఆ తల్లికి రాజ్యలక్ష్మమ్మ ‘లావక్క’ అని పేరు పెట్టుకుంది. లావక్క పరుగెత్తలేదు, వగర్చేది, కానీ దారి అడగడానికి ఎవరి ముందైనా నిలబడేది. అది చూసినప్పుడల్లా రాజ్యలక్ష్మమ్మ మోకాళ్ళ మీదికి లేచేది. తను పెళ్ళయినప్పటినుంచి తిరుపతికీ, కడపకూ పోయింది నిజమే. టికెట్టు మొగుడి జేబులో, కిటికీ పక్క సీటు పిల్లలకు. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో ఆమెను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆఖరి ఆదివారం వచ్చింది. మిగిలింది మూడు కుటుంబాలు. అందులో పచ్చచొక్కాలూ, తప్పు రైలెక్కి కూడా గట్టెక్కిన నీలిచొక్కాలూ ఉన్నారు. రాజ్యలక్ష్మమ్మ పొద్దున్నే వంట ముగించి, మొగుడికి పెందలాడే అన్నం పెట్టింది. మధ్యాహ్నం వీధి చివర ఢామ్మని చప్పుడై, తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. బయటికి పరుగెత్తి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ. లైన్‌మన్ శేషన్న తల గీక్కుంటూ నిలబడి ఉన్నాడు.

“ఎప్పుడొస్తాది శేషన్నా కరెంటు?”

“కొత్తది రావల్లమ్మా. ఊరంతా ఇంతే. రేపే ఇంగ.”

రామసుబ్బయ్య “సరే, రేపు ఎవర్నన్నా అడిగితే చెప్తార్లే” అని పక్కమీద వాలాడు. రాజ్యలక్ష్మమ్మ నేరుగా ఫోను దగ్గరికి పోయి కమలాపురంలో ఉన్న చెల్లెలికి చేసింది.

“శ్రీదేవీ, మీ ఊర్లో కరెంటు ఉండాదా?”

“ఉండాది కా. ఏమయింది?”

“మీ టీవీలో ఇంగ్లీషు చానల్ వస్తాదా?”

“వస్తాది. ఎందుకు కా?”

“పెట్టిపెట్టు. వస్తాండాం!”

ఫోను పెట్టేసి, చీర కుచ్చిళ్ళు బిగించి, “లేయండి. ఎర్రగుంట్ల బస్సు పోతాది. ఆడ దిగి కమలాపురానికి మారల్ల” అంది. రామసుబ్బయ్య నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనకు బస్సు వేళ భార్య చెప్పడం అదే మొదలు. ఉదయశ్రీ అప్పటికే చెప్పులు తొడుక్కుంది.

బస్సు దొరికింది కానీ ఎర్రగుంట్ల చేరకముందే రైలు గేటు పడింది. గూడ్సు బండి పోయింది, గేటు లేచింది. అయినా దారి కదల్లేదు. ఇటునుంచీ అటునుంచీ నాపబండల లారీలూ, సిమెంటు లారీలూ మూతి మూతీ ఆనించుకుని నిలబడిపోయాయి. డ్రైవర్ ఇంజను ఆపేసి బీడీ ముట్టించాడు.

అలాంటి చోట లావక్క ఏం చేస్తుందో రాజ్యలక్ష్మమ్మకు తెలుసు.

“దిగండి!”

“ఎండలో యాడికే?” అన్నాడు రామసుబ్బయ్య.

“అవతలికి. అటుపక్క ఆటోలు వెనక్కి తిప్పుకుంటాండాయి చూడండి.”

లారీల సందుల్లోంచి ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. సిమెంటు దుమ్ముతో ఆమె ఆకుపచ్చ చీర బూడిదరంగుకు తిరిగింది. ఆయన చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకున్నాడు. పట్టాలు దాటాక ఒక ఆటోకు ఆమె అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది.

“ఏమప్పా, కమలాపురానికి వస్తావా?”

“అంత దూరం రానమ్మా.”

“నాలుగు గంటలకు ఆడ ఉండల్లప్పా. శానా ముఖ్యమైంది.”

డ్రైవర్ ఆమె మొహంలోకి చూశాడు. ఆసుపత్రి పనేమో అనుకున్నట్టున్నాడు. “ఎక్కండి, ఎక్కండి” అని ఆటో విరిగిపోతుందేమో అన్నట్టు తోలాడు. ఉదయశ్రీ నవ్వు ఆపుకోలేక పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

శ్రీదేవి ఇంట్లో అడుగుపెట్టేసరికి పోటీ ఆఖరికి వచ్చేసింది. “ఉండారా పచ్చచొక్కాలోళ్ళు?” అంటూనే రాజ్యలక్ష్మమ్మ గడప దాటింది.

“ఉండారు కా! కూర్చో, నీళ్ళు తాగు.”

ఆమె కూర్చోలేదు. తెరమీద ఒక పెద్ద చెరువు గట్టు, చివర ఎర్రజెండా. ముందు నీలిచొక్కాలు, వెనకే పచ్చచొక్కాలు. కొడుకు ఒక చెయ్యి, కూతురు ఒక చెయ్యి పట్టుకుని లావక్కను లాక్కొస్తున్నారు. దూరం తగ్గుతోంది. అంతలో గది అదిరేట్టు ఒక కేక వినిపించింది.

“పరిగెత్తమ్మా! పరిగెత్తు!”

అరిచింది రామసుబ్బయ్య. తెగిన చెప్పు ఇంకా చేతిలోనే ఉంది.

నీలిచొక్కాలే ముందు జెండా తాకారు. పచ్చచొక్కాలు నాలుగడుగుల దూరంలో నిలిచిపోయారు. లావక్క గట్టుమీద కూలబడి, ఆకాశంకేసి చూస్తూ పగలబడి నవ్వింది. రాజ్యలక్ష్మమ్మ కళ్ళనీళ్ళు కారుతూండగా ఆమెతోపాటు నవ్వింది. “ఎంత దూరం వచ్చింది చూడు” అని చెల్లెలి భుజం పట్టి ఊపింది. “ఎంత దూరం!”

ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున తిరుగు ప్రయాణం కట్టేటప్పుడు రామసుబ్బయ్య భార్యవైపు తిరిగి అడిగాడు, “యా దారిన పోదాం?”

“కడప మీంద పోదాం” అంది ఆమె. ఆ దారి చుట్టూ తిరిగేది. ఆయన ఆమె వెనకే నడిచాడు.

రెండు నెలలకు వేంపల్లె బజారు వీధి ఆడవాళ్ళు జీపు మాట్లాడుకుని పక్క జిల్లాలోని బెలుం గుహలకు బయల్దేరారు. ముందు సీట్లో రాజ్యలక్ష్మమ్మ. గుహలో ఒకచోట దారి బాగా ఇరుకైంది. దారి చూపే మనిషి ఆగి, “చీరలతో కష్టమమ్మా, ఈడనుంచే చూసి వెనక్కి పోదాం” అన్నాడు.

“లోపల ఇంకా ఉండాదా?”

“ఉండాది. శానా ఉండాది.”

రాజ్యలక్ష్మమ్మ కొంగు నడుముకు దోపుకుని, తల వంచి ఆ ఇరుకులోకి దూరింది.