రంగుమందు బంద్ చేసిన రోజు

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానాకాలంలో, నారాయణగూడలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, గుండె నాళాల్లోకి తీగలు పంపి అడ్డు తీసే క్యాథ్‌ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా అక్కడే. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా మేం వేసుకునే సీసపు ఆప్రాన్ బరువుకు నా ఎత్తు సగం భూమిలోకి దిగిపోయింది, నమ్మండి.

చిక్కడపల్లి తాలీంలో కుస్తీ నేర్పే యాదగిరి ఉస్తాద్ ఎక్కితే మా టేబులే మూలిగింది. ఆయన గుండె కుడి రక్తనాళం ఏళ్లుగా పూర్తిగా మూసుకుపోయి ఉంది. నాలుగు మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది. సర్జన్లు బైపాస్ అన్నారు. ఛాతీ కోయనిచ్చేది లేదని ఆయన మొండికేశాడు. తీగతో తెరిస్తే సరే, లేదంటే కోతే గతి.

ఈ పనికి పూర్తి మత్తు ఇవ్వం. పేషెంటు అన్నీ వింటూనే ఉంటాడు. మా డాక్టరు గారు వెంట్రుకంత తీగతో నాళంలోని అడ్డును ముందునుంచి పొడిచారు. ఆ అడ్డు గోల్కొండ గోడకు స్వయానా చుట్టం. తీగే వంగింది. నాళం కనబడాలంటే ప్రతిసారీ రంగుమందు ఎక్కించాలి. అది బయటికి పోయేది కిడ్నీల్లోంచి. ఉస్తాద్ కిడ్నీలు షుగరుతో ముందే నీరసించాయి. మోతాదు హద్దుకొస్తే పైకి చెప్పడం నా డ్యూటీ. చెప్పాను. మళ్లీ చెప్పాను. ఇంకొక్కసారి అన్నారు డాక్టరు గారు. ఆ ఒక్కసారికి అప్పటికే మనవలు పుట్టారు.

రంగుమందు సీసా తీసి అల్మారాలో పెట్టి, తలుపుకు వీపానించి నిలబడ్డాను.

"ఇయ్యను సార్. ఆపుండ్రి."

ఆయన చూసిన చూపుకు ఏసీకి చెమట పట్టింది. టేబుల్ మీంచి ఉస్తాద్ అందుకున్నాడు.

"ఏందక్కా, కుస్తీ నడుమ గిట్ల ఆపుతరా? నన్ను కోతకు అప్పజెప్తున్నవా?"

"కిడ్నీలు పోయినంక కుస్తీ ఏం పడ్తవన్నా? మల్ల రా."

డాక్టరు గారు గ్లవ్స్ విప్పేశారు. ఆస్పత్రి పెద్దలు నన్ను పిలిచి ఆయనకు సారీ చెప్పమన్నారు. చెప్పలేదు. అశోక్‌నగర్ టీ బండి దగ్గర ఎదురుపడితే డాక్టరు గారు రోడ్డు దాటి, అవసరమైతే నల్లకుంట దాకా వెళ్లిపోయేవారు.

కిడ్నీలు కుదుటపడ్డాయని పరీక్షల్లో తేలాక ఉస్తాద్ మళ్లీ వచ్చాడు. మూతపడ్డ నాళానికి ఇన్నాళ్లూ ఎడమ నాళం నుంచి సన్నని కొమ్మలే రక్తం పోశాయి. ఈసారి డాక్టరు గారు ఆ కొమ్మల్లోంచి తీగను తిప్పి తెచ్చి, అడ్డును వెనకనుంచి పొడిచారు. అటువైపు తరచూ మెత్తగా ఉంటుంది. తీగ దూరింది. దాని మీద బెలూను, స్టెంటు వెళ్లాయి. రంగుమందు హద్దు దాటకుండానే నాళం తెరుచుకుంది.

రెండో ప్రయత్నం దక్కింది మొదటిది ఆపినందుకే. హద్దు చెప్పడం టెక్నీషియన్ పని. చెప్పినా వినకపోతే ఆపడమూ మా పనే. ఈ ముక్క ఏ రూల్లోనూ చూడలేదు. ఉండాలి.