మొదటి కాన్పుకు ముందు చెప్పాల్సిన మాట

నర్సక్క పోయిందని పళ్ళిపట్టు బస్సులో పక్కన కూర్చున్నామె చెప్పింది. పదకొండో రోజు కూడా అయిపోయిందట.

ఎనభైల మొదట్లో తిరుత్తణి దగ్గర ఆడపిల్లల బడిలో నేను సైన్సు చెప్పేదాన్ని. నర్సక్క ఆ పక్క ఊళ్లకు నర్సు. అప్పట్లో కుటుంబ నియంత్రణ అంటే ముగ్గురు పిల్లల తల్లికి ఆపరేషన్ అనే అందరూ అనుకునేవారు. పై ఆఫీసు అడిగేదీ అదే. పదహారేళ్లకు పెళ్లయి, ఏడాది తిరక్కుండా కాన్పుకొచ్చే పిల్లల గురించి అడిగేవాళ్లు లేరు. ఆమె మాత్రం ముందు వాళ్ల ఇళ్లకే వెళ్లేది. వంటింట్లో కూర్చుని, ఎదురుగా చింతపండు ఉంటే గింజలు తీస్తూ మాట్లాడేది. "చేతిలో పనుంటే ఆడోళ్లకు సిగ్గు తగ్గతాది టీచరమ్మా" అనేది.

పదో తరగతిలో పునరుత్పత్తి పాఠం వస్తే, ఇంట్లో చదువుకోండని దాటేసేదాన్ని. ఆ సంగతి తెలిసి ఆమె నవ్వలేదు. "నేనొచ్చి చెప్పేదా?" అంది. రమ్మన్నాను. హెడ్మిస్ట్రెస్‌కు మాత్రం చెప్పలేదు.

ఆ రోజు ఆమె నెలసరి దగ్గర మొదలుపెట్టింది. గర్భం ఎలా వస్తుందో, చిన్న వయసులో కాన్పు ఎందుకు ప్రమాదమో, పెళ్లయ్యాక మొదటి బిడ్డను కొన్నాళ్లు ఆపాలంటే ఏం వాడాలో, మాత్రలనీ నిరోధ్ అనీ పేర్లు పెట్టే చెప్పింది. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "ఇప్పుడొద్దని మేము చెప్పొచ్చునా అక్కా?" అని అడిగింది.

"చెప్పొచ్చు. నోటికి రాకుంటే నన్ను పిలువు, నేనొచ్చి చెప్తా."

మర్నాడే ఒక పిల్ల తండ్రి వచ్చాడు, ఇత్తడి పాత్రల కొట్టాయన. హెడ్మిస్ట్రెస్ నర్సక్కను పిలిపించింది.

"పెండ్లిగాని పిల్లోళ్లకు ఈ మాటలా? ఎవురు పిలిచినారు ఈమెను?" అన్నాడాయన.

హెడ్మిస్ట్రెస్ నా వైపు చూసింది. నేను చూపు కిటికీ వైపు తిప్పుకున్నాను.

"ఎవురూ పిలవలేదయ్యా. నేనే వచ్చినాను" అంది నర్సక్క.

రెండు నెలల్లో ఆమెను ఎలవూరు వైపు బదిలీ చేశారు. వెళ్లే రోజు క్షమించమన్నాను. "నువ్వూ పోతే ఆ పాఠం ఎవురు చెప్తారు?" అంది. ఆ ఏడాది నుంచి నేను ఆ పాఠాన్ని దాటెయ్యలేదు.

మూడేళ్లకు ఆ కొట్టాయన మా ఇంటికొచ్చాడు. బడి అయిపోగానే కూతురికి పెళ్లి చేశాడు. తొలికాన్పులో బిడ్డ దక్కలేదు, పిల్ల బతకడమే కష్టమైంది. కొన్నేళ్లు ఆగాలని డాక్టరు చెబితే అత్తగారు ఒప్పుకోవడం లేదట.

"ఆ నర్సమ్మ యాడుంది టీచరమ్మా? ఆమె చెప్తే వింటారేమో."

ఉత్తరం రాశాను. ఆమె సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చింది. పాత సంగతి ఎత్తలేదు. కొట్టు వెనక గదిలో అత్తగారినీ, అల్లుణ్ణీ, ఆ పిల్లనూ కూర్చోబెట్టుకుంది. వాళ్లు ఆగారు. నాలుగేళ్ల తర్వాత పుట్టిన బిడ్డ, తల్లి, ఇద్దరూ క్షేమం.

ఆ రోజు గదిలో మాటలు సాగినంతసేపూ కొట్టాయన బయట మెట్టు మీద, ఎండలో నిలబడి ఉన్నాడు. బేరానికి వచ్చినవాళ్లతో గొంతు తగ్గించి, "లోపల నర్సమ్మ మాట్లాడతా ఉంది. కాసేపాగి రాండి" అంటున్నాడు.