అత్త పెట్టించిన పాస్‌వర్డ్

నేను కాలేజీలో కంప్యూటర్లు చెప్పే లెక్చరర్ని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, కాసేపయ్యాక చెబితే మీరు నమ్మరు. ఒక సాయంత్రం పాస్టరుగారితో సహా చుట్టాలందరూ చూస్తుండగా ఒక చిన్న మాట నన్ను ఉతికి ఆరేసింది. తలచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. అయినా చెబుతాను, నవ్వుకోండి.

ఆమదాలవలసలో మా అత్త ఇల్లు. నాకు సొంత మేనత్త, ఆపైన పిల్లనిచ్చిన అత్త, అంచేత నన్ను తిట్టడానికి ఆవిడకి రెండు హక్కులున్నాయి. మావ పోయి ఏడాదైన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మావ సంఘంలో పాటలు పాడేవాడు. కళింగపట్నం ఒడ్డున కూర్చుని పాడిన ఒక పాటని నా భార్య సువార్త ఫోన్లో తీసింది. ఆ ఫోను తర్వాత నూతిలో పడింది. ఇక ఆ పాట ఉన్నది ఒక్కచోటే, నేను ముచ్చటపడి కొన్న నల్లపెట్టెలో. సబ్బుబిళ్లంత ఉంటుంది. ఫొటోలూ వీడియోలూ దాచుకుని, ఇంట్లో వైఫై ఉంటే వైరు లేకుండానే టీవీలో చూపిస్తుంది. ధైర్యం చాలక సువార్త ఏడాదిగా ఆ పాట వినలేదు. ఈరోజు అందరితో కలిసి వింటానంది.

మేముండే రాజాంలో బయల్దేరేముందే అడిగింది, "వైరు కూడా అట్టుకెల్దుమా బావా?"

"ఈ కాలంలో వైరేమిటి? అంతా గాలిలోనే వెళ్లిపోతుంది" అన్నాను. (పాఠాలు చెప్పీ చెప్పీ నా మాట పుస్తకంలా తయారైంది. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.)

తీరా వెళ్లి చూస్తే, పాత రౌటర్ పిడుగుకి పోయి గోడమీద కొత్తది మిణుకుమంటోంది. నా పెట్టె పాపం పాతదాన్నే వెతుక్కుంటోంది. కొత్తదాని పాస్‌వర్డ్ చెబితే తప్ప కదలదు. రౌటర్ కింద అంటించి ఉన్నది కొట్టాను. తప్పంది. నెట్ పెట్టినాయన మార్చేశాడన్నమాట.

"అత్తా, దీని పాస్‌వర్డ్ ఏమిటి?"

వంటింట్లోంచి అత్త, "ఏటో ఒకటి" అంది.

"అదే, ఏమిటో చెప్పు."

"సెప్పినాను కదరా, ఏటో ఒకటి. ఆ అప్పలనాయుడు ఏటి పెట్టమంటావమ్మా అనడిగినాడు. నాకేటి తెలుసు? ఏటో ఒకటి పెట్టీ నాయినా అన్నాను. పెట్టినాడు, టీవీకి కలిపినాడు, టీ తాగినాడు, ఎల్లిపోనాడు."

"రాయించుకోవద్దూ?"

"ఇంట్లో ఉన్నది నానొక్కదాన్నే. నాకు నాను రాసిచ్చుకుంటానేటి?"

టీవీలో వెతికితే పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట చుక్కలు. అప్పలనాయుడికి ఫోన్ చేస్తే, "స్తంభం మీదున్నాను సార్, దిగినాక సేస్తాను" అని పెట్టేశాడు. మావ పేరు కొట్టాను, అత్త పేరు కొట్టాను, చివరికి వాళ్ల ఆవు పేరు కూడా కొట్టాను. ఒక్కటీ పనిచేయలేదు. ఈలోగా చుట్టాలు రావడం మొదలైంది. పాస్టరుగారొచ్చి సరిగ్గా టీవీకి ఎదురుగా కూర్చున్నారు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"పోనీ అమ్మ సెప్పినదే కొట్టి సూడు బావా" అంది సువార్త.

"వెటకారమా?" అని, నేనూ వెటకారంగానే 'ఏదో ఒకటి' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. తప్పంది.

"చూశావా?" అన్నాను, ఏదో గెలిచినట్టు.

అప్పుడు నా చదువంతా ఒక్కసారిగా పనిచేసింది. లోపం పాస్‌వర్డుది కాదు, పెట్టెదే అని తేల్చాను. దాని వెనక సన్న కన్నం ఉంటుంది. అందులో పిన్ను గుచ్చి నొక్కి పట్టుకుంటే పెట్టె అన్నీ మర్చిపోయి కొత్తదైపోతుంది. అత్త కొంగుకున్న పిన్నీసు అడిగి తీసుకుని గుచ్చబోయాను.

సువార్త నా చెయ్యి పట్టేసింది. "ఏటి సేస్తన్నావు?"

"ఏం లేదు, లోపలున్నవన్నీ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి..."

"అందులో మా నాన్నున్నాడు బావా."

పిన్నీసు కింద పడింది. ఇంకొక్క క్షణమైతే మావని నా చేతులతోనే తుడిచేసేవాణ్ని. భయమూ సిగ్గూ కలిసి వస్తే మనిషేం చేస్తాడు? పక్కవాళ్ల మీద అరుస్తాడు. నేనూ అరిచాను.

"అంతా నీ వల్లే అత్తా! ఒక్క మాట సరిగ్గా చెప్పలేవా?"

అత్త వెళ్లి మావ ఫొటో పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎవరూ నావైపు చూడలేదు. అది తిట్టుకన్నా ఘోరంగా ఉంది.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టాను.

"దిగినాను సార్. ఏటి సంగతి?"

"పాస్‌వర్డ్ చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది."

"ఏటో ఒకటి సార్."

"ఓరి నీ... నువ్వు కూడానా!"

"కొట్టి సూసినారా సార్?"

"కొట్టాను. తప్పంది."

"ఏటని కొట్టినారు?"

"ఏదో ఒకటి."

"అదే సార్ తప్పు. ఏదో కాదు, ఏటో. అమ్మగారు ఏటి పెట్టమంటే అదే పెట్టినాను. మీరు దిద్దీసినారు."

ముందుగా పాస్టరుగారి భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఎవరి వల్లా కాలేదు.

"నాను మొదట్నించీ సెప్తన్నానా లేదా?" అని అత్త అందర్నీ అడిగింది.

ఈసారి 'ఏటో' అని కొట్టగానే పెట్టెలో పచ్చదీపం వెలిగింది. టీవీలో మావ కనిపించాడు. ఇసకలో కూర్చున్నాడు, గాలికి తెల్లజుట్టు ఎగురుతోంది. గొంతు సవరించుకుని కెమెరా పక్కకి చూసి, "ఏటి పాడమంటావే?" అన్నాడు.

కనపడకుండా అత్త గొంతు వినిపించింది: "ఏటో ఒకటి పాడు."

మళ్లీ నవ్వులు. అంతలో మావ పాట ఎత్తుకున్నాడు, అందరూ సద్దుమణిగారు. సువార్త వాళ్లమ్మ ఒళ్లో తలపెట్టుకుని చివరిదాకా వింది. అత్త ఏడుస్తూనే ఆ జుట్టు నిమిరింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా కళ్లు కూడా తుడుచుకోవాల్సి వచ్చింది.

కాబట్టి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. వైరు లేకుండా గడప దాటను. ఏ పెట్టె కన్నంలోనూ పిన్నీసు పెట్టను. అత్త మాటలో ఒక్క అక్షరం కూడా దిద్దను, ప్రాణం పోయినా సరే. పొద్దున్నే సువార్త "టిఫినేటి సెయ్యమంటావు?" అంటే, ఆకలున్నా లేకపోయినా, ఇష్టమున్నా లేకపోయినా, "ఉప్మా" అనే అంటున్నాను. ఆ ఇంకో మాట మాత్రం అననంటే అనను.