గురువుగారి చెవి, నా మీటరు

ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుని నేను. నాకు మిక్సింగ్ నేర్పిన గురువుగారు రిటైరై జూబ్లీ హిల్స్‌లో ఉంటున్నారు. పోయిన వేసవిలో ఒకరోజు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, స్పీకర్లకి కొత్త కేబుళ్లు తెప్పించాను. ఇన్నాళ్లూ పక్కగదిలో వాయిస్తున్నట్టుండే వయొలిన్లు ఇప్పుడు నా ఎదురుగా వచ్చి కూర్చున్నాయి. ఒకసారి వచ్చి విను."

నాకు నవ్వొచ్చింది. తీగ సంగతి కొలతల్లో తేలాలి, తేలకపోతే అది మనసు చేసే మాయ అని నా నమ్మకం. ఆదివారం పొద్దున్నే మీటరు తీసుకుని వెళ్లాను. పాత కేబులు కొలిచాను, కొత్తదీ కొలిచాను. అంకెల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే చెప్పాను.

"మీటరుకి చెవులున్నాయా?" అన్నారాయన, కాస్త నొచ్చుకుని.

మాటా మాటా పెరిగి పందెం వేసుకున్నాం. ఆయనా నేనూ గోడవైపు తిరిగి కూర్చున్నాం. ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంటున్న డ్రైవరు వెనకాల బొమ్మాబొరుసూ వేసి, ఏది పడితే ఆ కేబుళ్లు తగిలించి, చీటీ మీద రాసుకున్నాడు. గురువుగారు తను ఒకప్పుడు రికార్డు చేసిన వయొలిన్ల ముక్కనే ప్రతిసారీ విని, పాతదో కొత్తదో చెప్పాలి. అలా పదిసార్లు.

డ్రైవరు చీటీ చూసి గట్టిగా అరిచాడు. "పదికి పది కరెక్టే చెప్పిండ్రు సారు! మీ మిషనే తప్పింది మేడం. జర గూడ ఫికర్ చేయకుండ్రి, అయితుంటది."

గురువుగారు చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకెత్తేశారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది: రెండు స్పీకర్లుంటే నేను కొలిచింది ఎడమదాని తీగలే. కుడిదీ అలాగే ఉంటుందనుకుని వదిలేశాను!

నేలమీద బోర్లా పడుకుని కుడివైపు పాత కేబులు లాగి చూశాను. కొసన రాగి నల్లబడిపోయింది. మీటరు పెడితే అంకె ఒక్కసారిగా ఎగిరింది. ఆ స్పీకరు ఎంతకాలంగా గొంతు తగ్గించి పాడుతోందో! ఆ రికార్డులో వయొలిన్లు ఎక్కువగా వినబడేది ఆ వైపే.

నల్లటి కొస కత్తిరించి, లోపలి రాగి ఒలిచి, బిగించాం. మళ్లీ పదిసార్లు పెట్టాం. ఈసారి ఐదు తప్పు. వినకుండా బొమ్మాబొరుసూ వేసి చెప్పినా అంతే.

"సగం పోయాయా!" అంటూ గురువుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "అంటే నా చెవి అబద్ధం చెప్పలేదు. నీ మీటరూ చెప్పలేదు. నువ్వే దాన్ని సగం అడిగి ఊరుకున్నావు."

"తప్పు నాదేనండీ," అన్నాను. ఓడిపోయి అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి. తేడా విన్నానని ఆయన చెప్పకపోతే నేను ఆ కొస వైపు చూసేదాన్నే కాదు.

కొత్త కేబుళ్లు తిరిగి పెట్టెలోకి వెళ్లాయి. డ్రైవరు మా పక్కనే సోఫాలో కూర్చుని, "గిప్పుడన్న నా పాట పెట్టుండ్రి సార్," అని తన ఊరి డప్పుల పాట అడిగి పెట్టించుకున్నాడు. భోజనాలవేళ దాటినా ముగ్గురిలో ఎవరమూ లేవలేదు.